డోవర్ దాటితే దారి కుడివైపు

ఇంగ్లండులోని డోవర్ నుంచి ఫ్రాన్సు తీరం సుమారు 33 కిలోమీటర్లు. ఓడలో గంటన్నర ప్రయాణం. 1994లో ప్రారంభమైన సముద్రగర్భ సొరంగంలోనైతే, కారును రైలులోకి ఎక్కించి 35 నిమిషాలలో ఆవలి తీరం చేరవచ్చు. ఆ స్వల్ప వ్యవధిలోనే బ్రిటిషు వాహనచోదకునికి దారి తారుమారవుతుంది. ఎడమవైపుకు అలవాటుపడిన చేతులు ఇక కుడివైపున కారు నడపాలి.

రేవు దాటిన తొలి గంటలో మనస్సు జాగరూకతతో ఉంటుంది. ముందు సాగే వాహనాలే దారి చూపుతాయి. అసలు గండం మూడో నాటి ఉదయం పొంచి ఉంటుంది. పెట్రోలు బంకు నుంచి నిర్మానుష్యమైన రోడ్డు మీదికి తిరిగినప్పుడు, పాత అలవాటు కారును ఎడమవైపుకు లాగుతుంది. ఎదురుగా లారీ వచ్చేవరకు ఆ పొరపాటు తెలియదు. అందుకే బయలుదేరిన ప్రతిసారీ "కుడివైపు" అని పైకి అనుకోవడం మంచిది. స్టీరింగు వద్ద చీటీ అంటించుకున్నా నామోషీ లేదు.

బ్రిటిషు కారులో స్టీరింగు కుడిపక్కన ఉంటుంది కనుక, ఐరోపాలో చోదకుడు రోడ్డు అంచున కూర్చున్నట్లవుతాడు. ముందున్న లారీని దాటబోతే ఎదుటి వాహనం కనిపించదు. లారీకి కొంత ఎడం పాటిస్తే చూపు ఆనుతుంది. అయినా సందేహముంటే దాటకుండా ఉండడమే మేలు.

హెడ్‌లైట్లనూ సరిచేయాలి. ఎడమ అంచుకు వాలే వాటి కాంతి అక్కడ ఎదుటివారి కళ్ళలో పడుతుంది. అద్దంపై అంటించే స్టిక్కర్లు దీనికి విరుగుడు. ఫ్రాన్సులో హెచ్చరిక త్రికోణం, మెరిసే కోటు తప్పనిసరి. కోటు డిక్కీలో కాక, చేతికందేచోట ఉండాలి. 2021 సెప్టెంబరు 28 నుంచి కారు వెనుక పాత 'జీబీ' గుర్తు చెల్లదు; 'యూకే' అని ఉండాలి. గుర్తులేవీ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవారికి దారి ఇవ్వాలి. మోటారు మార్గాలలో వేగపరిమితి గంటకు 130 కిలోమీటర్లు, వానలో 110, మైళ్ళని పొరబడరాదు.

మనదీ ఎడమవైపు దేశమే. లండను బంధువుల కారులో ఐరోపా చూడబోయే మనవారికీ ఈ జాగ్రత్తలు అవసరమే.

1967 సెప్టెంబరు 3 తెల్లవారుజామున స్వీడను దేశమంతా ఎడమ నుంచి కుడికి మారింది. అందుకు ప్రభుత్వమూ ప్రజలూ ఎంతో ముందుగా సిద్ధపడ్డారు. డోవర్ దాటిన చోదకుడు మాత్రం ఆ మార్పును ప్రతి ఉదయం తనకు తానే గుర్తుచేసుకోవాలి.