పనసపాలు వదల్లేదు

రాజమండ్రిలో చీకటితోనే బస్సెక్కాను. కడియపులంక నర్సరీలు దాటి, జొన్నాడ దగ్గర గౌతమి వంతెన ఎక్కేసరికి తెల్లవారింది. ఫాల్గుణ మాసం. పనస పిందె కట్టే రోజులు.

అంబాజీపేటలో దిగగానే పొట్టిక్కల హోటల్లో దూరాను. నాలుగు పనసాకుల్ని ఈనెపుల్లలతో బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీపిండి పోసి ఆవిరికి పెడతారు. పొగలు కక్కుతూ వచ్చింది. చెంచా కోసం వెతుకుతుంటే, "ఆకు ఒలిచేయండి బాబూ, ఆయ్!" అన్నాడు వడ్డించేవాడు. ఒలిస్తే పిండి మీద ఆకు ఈనెలు అచ్చుపడి ఉన్నాయి. ఆకు వాసన మాత్రం చట్నీకి కూడా లొంగలేదు.

అక్కడికి దగ్గర్లోనే మా అత్తయ్య ఊరు. పెరట్లో పనసచెట్టు మొదలునుంచే కాయలు వేలాడుతున్నాయి. మోకాలెత్తులో ఉన్నదొకటి కోసి, "ఇంకో పదిరోజులాగితే గింజ ముదిరిపోద్దిరా, పొట్టుకి పనికిరాదు" అంది. చేతికీ కత్తికీ నూనె రాసుకుని, ముళ్లతొక్క చెక్కేసి, కాయను చేత్తో తిప్పుతూ టకటకా గాట్లు పెట్టింది. పైపొర చెక్కితే పొట్టు ముగ్గులా రాలింది. నేనూ కత్తి పుచ్చుకున్నాను. ముక్కలు రాలాయి. "అది గేదెకెయ్యి" అంది అత్తయ్య.

పొట్టును ఉప్పూ పసుపూ వేసి ఉడికించి, నీళ్లు పిండేసి, చింతపండు పులుసుతో పోపులో మగ్గించింది. ఆవముద్ద మాత్రం పొయ్యి మీంచి దించి, కాస్త చల్లారాకే కలిపింది. వేడిమీద కలిపితే చేదెక్కుతుందట.

కేరళవాళ్లు 2018లో పనసను తమ రాష్ట్రఫలంగా ప్రకటించారని చెప్పాను. వాళ్ల 'చక్క'ను పోర్చుగీసువాళ్లు అందుకుంటే, ఇంగ్లీషులో అది 'జాక్' అయిందనీ చెప్పాను. అత్తయ్య కూర వడ్డిస్తూనే తన లెక్క చెప్పింది: లేతదైతే పొట్టు, పండితే తొనలు, గింజలు నిప్పుల్లో కాల్చుకోడానికి, తొక్కలు గేదెకి, చెట్టు పడిపోతే గుమ్మాలకి. బొబ్బిలి వీణ చెక్కేదీ పనసకర్రతోనేనని నేను కలిపాను. "మనింట్లో వాయించేవాళ్లెవరున్నార్రా?" అంది.

సాయంత్రం తిరుగు బస్సులో కండక్టర్ ఇచ్చిన టికెట్టు వేళ్లకు అంటుకుపోయింది. ఎంత దులిపినా రాలేదు. కత్తి పుచ్చుకునే ముందు నూనె రాసుకోవడం నేను మరిచిపోయాను.