బంతి కంటె ముందు నడిచినవాడు

1953 వేసవి. స్కాట్లండ్ తూర్పు తీరంలో కార్నూస్టీ అనే చిన్న ఊరు. జూన్ నెలాఖరున ఆ ప్రాంతంలో రాత్రి పది గంటల వరకు పొద్దు వెలుగు ఉంటుంది. ఆ మలిసంజ వేళ, ఆటగాళ్ళందరూ ఇళ్ళకు వెళ్ళిపోయిన పిమ్మట, సన్నగా ఉన్న ఒక మనిషి అక్కడి గోల్ఫ్ మైదానంలో నెమ్మదిగా నడుస్తూ కనిపించేవాడట. అతడు బంతిని కొట్టడం లేదు. నాలుగడుగులు వేసి నిలిచిపోతాడు. వెనుదిరిగి చూస్తాడు. మళ్ళీ నడుస్తాడు. అంతకంటె వింత, ఆట ముగిసే పద్దెనిమిదవ గుంత దగ్గర బయలుదేరి, ఆట ప్రారంభమయ్యే మొదటి గుంత వైపు, అంటే మైదానం మొత్తాన్ని తలక్రిందులుగా నడిచేవాడని ఇప్పటికీ చెప్పుకొంటారు.

ఆ మనిషి పేరు బెన్ హోగన్. అప్పటికి నలభై ఏళ్ళవాడు. ఆ సంవత్సరమే ఏప్రిల్‌లో మాస్టర్స్ పోటీని, జూన్‌లో అమెరికా ఓపెన్‌ను గెలిచి సముద్రం దాటి వచ్చిన మేటి ఆటగాడు. గోల్ఫ్ విద్యలో అతడు నేర్చుకోవలసినది ఇంకేమీ లేదని క్రీడాలోకం భావిస్తున్న రోజులవి. కాని బ్రిటిష్ ఓపెన్‌లో అతడు అంతవరకు ఒక్కసారి కూడ ఆడలేదు. ఈ నేల తనకు తెలియదన్న సంగతి అందరికంటె బాగా తెలిసినవాడు హోగనే. అందుకే పోటీకి సుమారు రెండు వారాల ముందుగానే వచ్చి, విద్యార్థి వలె పాఠం మొదలుపెట్టాడు.

ఆ నడక అతనికి సులభమైనది కాదు. నాలుగేళ్ళ క్రితం, 1949 ఫిబ్రవరి 2న, టెక్సస్ రాష్ట్రంలోని వాన్ హార్న్ సమీపంలో పొగమంచు క్రమ్మిన రోడ్డుపై, ఒక లారీని దాటబోయిన బస్సు అతని కారును ఎదురుగా ఢీకొన్నది. క్షణంలో హోగన్ ప్రక్కనున్న భార్యకు అడ్డుగా పడ్డాడు. ఆమెను కాపాడబోయిన ఆ కదలికే అతని ప్రాణాన్ని కూడ కాపాడింది; స్టీరింగు కమ్మీ అతడు కూర్చున్న చోటులోనికి చొచ్చుకొని వచ్చింది. కటి ఎముక, జత్రువు, చీలమండ, ప్రక్కటెముక విరిగాయి. ఆ తరువాత రక్తపు గడ్డలు ఊపిరితిత్తులకు చేరి ప్రాణాపాయం కలిగించగా, వైద్యులు పెద్ద రక్తనాళాన్నే కట్టివేయవలసి వచ్చింది. ఇతడు మళ్ళీ నడుస్తాడా అని సందేహించినవారున్నారు. నడిచాడు. పదహారు నెలలకే అమెరికా ఓపెన్ గెలిచాడు. కాని అప్పటినుంచి ప్రతి పోటీకీ కాళ్ళకు పట్టీలు చుట్టుకొని దిగవలసిందే. ప్రతి అడుగుకూ నొప్పి రూపంలో వెల చెల్లించవలసిందే.

అడుగుకు ఇంత వెల ఉన్న మనిషి, లెక్కలోనికి రాని సాయంకాలపు నడకలకు అన్ని అడుగులు ఎందుకు వెచ్చించాడు? ఆ ప్రశ్నకు సమాధానం గోల్ఫ్ స్వభావంలోనే ఉన్నది.

క్రికెట్ పిచ్ ఏ దేశంలోనైనా 22 గజాలే. టెన్నిస్ కోర్టు గీతలు ఎక్కడైనా ఒకే కొలతలో ఉంటాయి. గోల్ఫ్ మైదానాలు మాత్రం ఏ రెండూ ఒక్కటి కావు. మన దేశంలోనే చూడవచ్చు. 1829లో నెలకొన్న రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్బులో ఆటగాణ్ణి అడుగడుగునా భయపెట్టేవి నీటి మడుగులు. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులో సన్నని ఆటదారులకు రెండు వైపులా దట్టమైన పొదలు, నడుమ నడుమ ప్రాచీన సమాధి కట్టడాలు. ఒకచోట ప్రశంస పొందిన దెబ్బే మరొకచోట బంతిని నీటిలోనో, ముళ్ళలోనో పడవేస్తుంది. అందుచేత ఈ ఆటలో ఎదిరి మరొక ఆటగాడు కాదు, నేలయే.

కార్నూస్టీ కఠినమైన ఎదిరి. బెంగాల్ జనపనారను నేసి పేరుకెక్కిన డండీ నగరానికి సమీపంలో, సముద్రపు ఇసుక మేటలపై పెరిగిన గడ్డినేల అది. హోగన్ అమెరికాలో ఆడిన మైదానాలలో సాధారణంగా చెట్ల వరుసలుండేవి. ఫలానా చెట్టు దాపున గుంత ఉన్నదంటే దూరం కంటికి ఆనేది. ఇక్కడ కనుచూపు మేర చదునైన నేల. నూరు గజాలు ఎనభైగా తోచవచ్చు, నూట ఇరవైగానూ తోచవచ్చు. నేల గట్టిది, బంతి పడిన తరువాత ఎంతదూరం దొర్లుతుందో చెప్పలేము. గాలి ఉదయం ఒక దిక్కునుంచి, మధ్యాహ్నం మరొక దిక్కునుంచి. ఆటదారి మధ్యలోనే బంకర్లు, అంటే లోతైన ఇసుక గోతులు. చివరి రెండు గుంతల దగ్గర బారీ బర్న్ అనే వాగు పాములా మెలికలు తిరుగుతూ ఆటదారికి మాటిమాటికీ అడ్డు వస్తుంది.

బంతి కూడ మారింది. అమెరికా బంతి వ్యాసం 1.68 అంగుళాలు, బ్రిటన్‌లో చెల్లుబాటైన బంతి 1.62 అంగుళాలు. తేడా అంగుళంలో నూటికి ఆరు వంతులే. అయినా చిన్నబంతి ఎదురుగాలిని చీల్చుకొని మరికొంత దూరం పోతుంది. హోగన్ దానినే ఎంచుకొన్నాడు. అయితే ఏళ్ళ తరబడి చేతులు నేర్చుకొన్న దూరాల లెక్కలన్నీ దానితో తప్పిపోయాయి. కార్నూస్టీలో సాధనకు తగిన చోటు లేనందున సమీపంలోని పాన్మ్యూర్ మైదానానికి పోయి, ఏ కర్రతో ఈ బంతి ఎంతదూరం పోతున్నదో గంటల తరబడి కొట్టి తెలుసుకొన్నాడు. 1974 నుంచి ఓపెన్ పోటీలో పెద్దబంతే తప్పనిసరి అయింది. హోగన్ కాలానికి ఆ వెసులుబాటు లేదు.

ఇక ఆ తలక్రిందుల నడక. గోల్ఫ్ ఆడేవాడు టీ వద్ద మొదటి దెబ్బ కొట్టి, గ్రీన్ అనే నున్నని పచ్చిక మీది గుంత వైపు సాగుతాడు. కాని ఆలోచన సాగవలసిన దారి అందుకు విరుద్ధం. గుంత గ్రీన్‌కు ఎడమ మూలన ఉండి, ఎడమ ప్రక్కనే బంకర్ ఉన్నదనుకొంటే, కుడి వైపునుంచి వచ్చే బంతికే దారి తెరిచి ఉంటుంది. కుడి వైపునుంచి రావాలంటే అంతకు ముందటి దెబ్బ ఆటదారిలో కుడి అంచున పడి ఉండాలి. అక్కడ పడాలంటే మొదటి దెబ్బ ఏ కర్రతో, ఎంత దూరం, ఏ గురి మీద? ఈ విధంగా చివరి ప్రశ్ననుంచి మొదటి ప్రశ్నకు రావాలి. టీ వద్ద నిలిచి చూసేవానికి మైదానం చూపేది ముఖమే. గ్రీన్ వద్దనుంచి వెనుదిరిగి చూసినవానికే, ఎదుటినుంచి కనబడని గోతులు, వాలులు కనబడతాయి.

ఆ వెనుచూపు ఏమిచ్చిందో ఆరవ గుంత చెబుతుంది. 500 గజాలకు మించిన పొడవు. ఆటదారి నడుమ బంకర్లు. ఎడమ ప్రక్క కంచె. బంతి దానిని దాటితే ఆటనుంచి బయటికి పోయినట్లే, ఒక దెబ్బ శిక్ష, మళ్ళీ మొదటినుంచి కొట్టాలి. కుడి ప్రక్క విశాలమైన, భయం లేని నేల. బుద్ధిమంతుడనే ప్రతివాడూ కుడి ప్రక్కకే కొడతాడు. కాని అక్కడినుంచి గ్రీన్ చేరడం దూరం, కష్టం. హోగన్ కన్ను బంకర్లకూ కంచెకూ మధ్యనున్న సన్నని సందు మీద పడింది. అది సాహసమే. అయితే గాలిని, దూరాన్ని, నేలను ముందుగా తూచి చూసిన తరువాత చేసే సాహసం. తెలియని చోట అదే దెబ్బ జూదమవుతుంది.

ఆ రోజులలో ప్రపంచ విజేతకు సైతం మినహాయింపు లేదు. అందరితోపాటు అతడు కూడ 36 గుంతల అర్హతా పరీక్షలో నెగ్గి పోటీలో ప్రవేశించాడు. మొదటి రౌండు 73 దెబ్బలు, రెండవది 71. ముందున్నవారికి రెండు దెబ్బలు వెనుకబడి ఉన్నాడు. చివరి రోజు జూలై 10, శుక్రవారం. ఒకే రోజున 36 గుంతలు ఆడాలి. జలుబు, జ్వరం, పెన్సిలిన్ సూది వేయించుకొన్నాడు. కాళ్ళకు పట్టీలు యథాప్రకారం ఉన్నాయి. ఉదయం 70. మధ్యాహ్నం 68. మొత్తం 282. నాలుగు దెబ్బల తేడాతో విజయం. రెండవ స్థానాన్ని పంచుకొన్న నలుగురిలో పీటర్ థామ్సన్ అనే ఆస్ట్రేలియా యువకుడు ఒకడు. 1964లో ఢిల్లీలో మొదటి ఇండియన్ ఓపెన్‌ను గెలుచుకొన్నవాడు ఇతడే.

73, 71, 70, 68. ఈ నాలుగు అంకెలను వరుసగా చదివితే విజయరహస్యం కొంత బోధపడుతుంది. అలసట పెరుగుతున్నకొద్దీ, నొప్పి పెరుగుతున్నకొద్దీ దెబ్బలు తగ్గాయి. శరీరం ఉడిగిపోతున్న వేళ ముందుగా సంపాదించుకొన్న తెలివిడి ఆ భారాన్ని మోసింది. మాటా పలుకూ లేకుండ, ముఖంలో ఏ భావమూ కనబడకుండ ఆడిన ఆ మనిషికి స్కాట్లండ్ ప్రజలు ‘చిన్నారి మంచుమనిషి’ అన్న అర్థం వచ్చే ముద్దుపేరు పెట్టుకొన్నారు. ఒకే సంవత్సరంలో మూడు మహాపోటీలను గెలవడం మరొకరికి 2000 వరకు సాధ్యం కాలేదు. ఆ ఏడాది టైగర్ వుడ్స్ గెలిచాడు, అయితే అతడు గెలిచిన మూడింటిలో ఒకటి వేరు.

అడుగులతో నేలను చదివే విద్య తరువాతి తరానికి లెక్కల రూపంలో అందింది. 1961లో పెబుల్ బీచ్‌లో అమెరికా అమెచ్యూర్ పోటీకి వచ్చిన జాక్ నిక్లాస్‌కు, మిత్రుడైన డీన్ బీమన్ ఒక సలహా ఇచ్చాడు: సాధన రౌండులోనే ఫలానా బంకర్ నుంచి, ఫలానా చెట్టునుంచి గ్రీన్‌కు ఎన్ని అడుగులో కొలిచి వ్రాసుకొమ్మని. నిక్లాస్ అలాగే చేసి ఆ పోటీ గెలిచాడు. ఆ అలవాటును తరువాత విడువలేదు. నేడు పెద్ద మైదానాలకు అచ్చువేసిన గజాల పుస్తకాలున్నాయి. ఎవరో నడిచి కొలిచిన దూరం ప్రతివాని జేబులోనూ ఉంటుంది.

అయినా కొలతలు తెలిసినంత మాత్రాన చాలదని అదే కార్నూస్టీ మరొకసారి నిరూపించింది. 1999 జూలై. ఫ్రాన్స్ ఆటగాడు జాన్ వాన్ డె వెల్డ్ ఓపెన్ పోటీలో చివరి గుంత దగ్గర మూడు దెబ్బల ఆధిక్యంతో నిలిచాడు. ఆ గుంత పొడవు 487 గజాలు. నియతమైన దెబ్బలు నాలుగు. ఆరు దెబ్బలు కొట్టినా విజయం అతనిదే. వాగు ఎక్కడున్నదో అతనికి తెలియక కాదు. వారమంతా దానిని దాటుతూనే ఉన్నాడు. కాని అతి దూరం పోయే కర్రను చేతికి తీసుకొన్నాడు. బంతి కుడికి చాలదూరం తొలగినా, అదృష్టవశాత్తు పొడినేల మీదనే ఆగింది. అప్పుడైనా కొద్దిదూరం కొట్టి, వాగుకు ఇవతల ఆగవచ్చు. అతడు గ్రీన్‌కే గురిపెట్టాడు. బంతి ప్రేక్షకుల మంచె కమ్మీకి తగిలి, వాగు రాతిగోడ మీద పడి, ఎగిరి దట్టమైన గడ్డిలోనికి వెనుకకు వచ్చింది. మూడవ దెబ్బకు వాగులో పడింది. బూట్లు విప్పి, పంట్లాము పైకి మడిచి, నీళ్ళలో నిలిచి బంతిని పరికించిన అతని దృశ్యాన్ని చూసినవారెవ్వరూ మరచిపోలేదు. శిక్షతో కలిపి ఆ గుంతకు ఏడు దెబ్బలయ్యాయి. ముగ్గురు సమానమయ్యారు. అదనపు ఆటలో గెలిచినవాడు, ఉదయం పది దెబ్బలు వెనుకబడి ఉన్న స్కాట్లండ్ ఆటగాడు పాల్ లారీ.

వాన్ డె వెల్డ్ ధైర్యాన్ని నవ్వదగినదనడానికి లేదు. అతణ్ణి ముందు నిలిపినది ఆ ధైర్యమే. లోపించినది ఒక్క ప్రశ్న: ఇక్కడ నాకు ఎంత చాలు? మైదానపు పథకంలో ఎక్కడ కొట్టాలన్నది సగమే. ఎక్కడ కొట్టరాదు, ఎప్పుడు తక్కువతో తృప్తి పడాలి అన్నది మిగిలిన సగం. ఆ రెండవ సగాన్ని, గుండె నిబ్బరంగా ఉన్న సాయంకాలమే నిర్ణయించుకొని ఉండాలి. చప్పట్లు మ్రోగుతున్నప్పుడు, చేతులు వణుకుతున్నప్పుడు మనస్సు ఇచ్చే సలహా మంచిదై ఉండడం అరుదు. హోగన్ ఆరవ గుంత దగ్గర సందును ఎంచుకొన్నది కూడ, వాన్ డె వెల్డ్ చివరి గుంత దగ్గర దూరాన్ని ఎంచుకొన్నది కూడ సాహసాలే. ఒకటి లెక్కలోనుంచి పుట్టింది, రెండవది ఊపులోనుంచి.

హోగన్ మళ్ళీ ఎన్నడూ బ్రిటిష్ ఓపెన్‌లో ఆడలేదు. ఒక్కసారి వచ్చాడు, ఒక్కసారి గెలిచాడు. 1997లో కన్నుమూశాడు. కార్నూస్టీ ఆరవ గుంతకు ఇప్పుడు అధికారికంగా ‘హోగన్ సందు’ అనే పేరే ఉన్నది. ఆ సందులోనుంచి తామూ ఒక బంతి కొట్టాలని ఎక్కడెక్కడినుంచో ఆటగాళ్ళు వచ్చి టీ వద్ద నిలుస్తారు. అక్కడ నిలిచినవానికి కంచె కనబడుతుంది, ఇసుక కనబడుతుంది, నడుమ ఇరుకైన పచ్చిక కనబడుతుంది. ఆ పేరు గాలిలో ఎగిరిన బంతులను బట్టి వచ్చినదే. కాని ఆ దారిని మొదట కనుగొన్నవి మాత్రం, బంతి లేని సాయంకాలాలలో గుంతనుంచి వెనుకకు నడిచిన ఆ నొప్పి కాళ్ళు.