ముస్తఫా నకలు బోర్డు

మందమర్రిలో మేమెవరమూ దాన్ని క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ అనలేదు. ముస్తఫా అన్నాం, అంతే. 1993లో క్యాప్‌కామ్ చేసిన ఆర్కేడ్ వీడియో గేమ్. ఇప్పుడు నా బల్ల మీద ఉన్నది దాని నకలు సర్క్యూట్ బోర్డు.

గేమ్ ఫోన్లోనే దొరుకుతుంది కదా, ఈ పాత సామాను ఎందుకంటారు. ఆ మాటకు నాకు బాధేస్తుంది. అసలు బోర్డులో క్యూసౌండ్ అనే సౌండ్ చిప్ ఉంటుంది. నకలు చేసినవాడు దాన్ని తీసేసి చవకైన ఓకేఐ ఎం6295 పెట్టాడు, పక్కన పీఐసీ16సీ57 అనే మైక్రోకంట్రోలర్ వేశాడు. అంటే ఈ బోర్డు మీద ఆడినవాళ్లు విన్న సంగీతమే వేరు. అది ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి కదా!

కొన్ని చిప్‌ల మీద నంబర్లు గీకేశారు. టార్చి వాలుగా పడితే ఒకటి రెండు అక్షరాలు లీలగా తేలతాయి. డేటా దాచే ఈప్రామ్ చిప్ నడుమ చిన్న గాజు కిటికీ, దాని మీద ఎండి పెళుసెక్కిన స్టిక్కర్. అది ఊడి అతినీలలోహిత కాంతి తగులుతూ పోతే లోపలి డేటా చెరిగిపోతుంది. అందుకే ముందు కొత్త స్టిక్కర్, తర్వాతే డేటా చదివే రీడర్. క్రిస్టల్ మీది ఫ్రీక్వెన్సీ కూడా తప్పక రాసుకోవాలి. అది తేడా వస్తే ఆట వేగమో, పాట శ్రుతో మారిపోతుంది. పీఐసీ మాత్రం లాక్ వేసి ఉంది, మామూలుగా చదివితే ఏమీ ఇవ్వదు.

1997లో ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా మొదలుపెట్టిన, పాత ఆర్కేడ్ ఆటలను కంప్యూటర్‌లో నడిపించే మేమ్ ప్రాజెక్టు, దొంగ సరుకని నకళ్లను పక్కన పెట్టలేదు. నాకది గొప్ప సంగతి. బెల్లంపల్లిలోనో, మంచిర్యాలలోనో మీ అటక మీద ఇలాంటి బోర్డు ఉంటే స్క్రాపుకు వేయకండి. ముందు రెండు వైపులా ఫొటో తీయండి.