కోఠీలోని రెసిడెన్సీ భవనము

హైదరాబాదు చూడబోవువారందఱును చార్మినారునకును గోలకొండకును పోవుదురు. సాలారుజంగు వస్తుప్రదర్శనశాలలో గంట కొట్టు గడియారము ముందు పిల్లలను నిలువబెట్టుదురు. మేమును వెనుక రెండుమాఱు లట్లే చేసితిమి. ఈమాఱు మా మేనత్తగారు వెంట నుండుటచే దారి మాఱినది. "నేను చదువుకొన్న చోటు మీరెవ్వరును చూడలేదు గదా, రండు" అని వారు మమ్మును, మా చెల్లెలి కుమార్తెను కోఠీకి తీసికొనిపోయిరి.

మెట్రోరైలు దిగి పాతపుస్తకముల యంగళ్ల ప్రక్కగా నడచితిమి. కోఠీ యనగా ఉర్దూభాషలో పెద్ద బంగళా యని యర్థము. నేడా పేరు వినగానే ఎవరికైనను బస్సులు, చీరల దుకాణములు, బేరములు జ్ఞప్తికి వచ్చునే గాని ఆ పేరునకు మూలమైన బంగళా జ్ఞప్తికి రాదు. ఎత్తైన ప్రహరీగోడకు వెలుపల చెవులు గింగురుమను సందడి. ద్వారము దాటి నాలుగడుగులు వేయగానే చెట్ల నీడ. ఆ నీడ చివర, కొత్తగా సున్నము పెట్టిన యాఱు మహాస్తంభములతో, మెట్ల కిరుప్రక్కల సింహములతో నా భవనము కానవచ్చెను. స్తంభముల తలలపై చెక్కిన యాకులను చూడవలెనన్న మెడ వెనుకకు వంచవలెను.

ఈ భవనమును తలపెట్టినవాడు 1798 మొదలు 1805 వఱకు నిజాము దర్బారులో ఆంగ్లేయుల రెసిడెంటుగా నుండిన జేమ్సు అకిలీసు కర్కుపాట్రికు. చిత్రపటము గీచి యిచ్చినవాడు మద్రాసు ఇంజనీర్ల దళములోని సామ్యూలు రసెలు. పని 1803 ప్రాంతమున మొదలయ్యెను. ఖర్చు మాత్రము నిజాము ఖజానాది! స్థలము సంపాదించుటను గూర్చి యొక కథ చెప్పుదురు. కర్కుపాట్రికు మొదట పెద్ద కాగితముపై పటము వ్రాయించి చూపగా, అది తన రాజ్యపటమంత యున్నదని బెదరి నిజాము ఒప్పుకొనలేదట. అదే పటమును చీటిముక్కంత కాగితముపై వ్రాయించి చూపగానే సరే యనెనట. నిజమో కల్పనయో గాని, మగవారి వ్యవహారములు పెక్కు లిట్లే నడచునని మా మేనత్తగారు నవ్విరి.

ఆ దొర హైదరాబాదులోని గొప్ప కుటుంబమునకు చెందిన ఖైరున్నిసా బేగమును వివాహమాడెను. ఆమె ఘోషాస్త్రీ. పెద్ద భవనము వెనుక ఆమెకు జనానా వేఱుగా నుండెను. ముందరి స్తంభములను, మెట్లను ఆమె వచ్చి చూచుటకు వలనుపడదు గనుక, ఆ భవనమునే చిన్న నమూనాగా కట్టించి ఆమె తోటలో నుంచెనని చెప్పుదురు. భవనము పూర్తియగుట నా దొర చూడలేదు. 1805లో కలకత్తాలో మరణించెను. అదే యేడు వారి బిడ్డలిద్దఱను, ఒక కుమారుని ఒక కుమార్తెను, చదువునకై ఇంగ్లండునకు పంపివైచిరి. తల్లి వారిని మరల చూడలేదు. ఆమెయు 1813లో చనిపోయెను. ఆమె యుండిన రంగమహలును తరువాతి రెసిడెంట్లు పడగొట్టించిరి. తోటలో బొమ్మయిల్లు మాత్రము మిగిలెను.

1857వ సంవత్సరము జూలై 17వ తేదీన తుర్రెబాజుఖానును మౌల్వీ అల్లాఉద్దీనును ప్రజలను వెంట నిడుకొని యీ రెసిడెన్సీపై దాడి చేసిరి. తుర్రెబాజుఖాను తరువాత తుపాకికి బలియయ్యెను. మౌల్వీని అండమానునకు పంపిరి. ఆ భయముతో తెల్లవారు ఈ స్థలమునకు బలమైన గోడలు పెట్టించుకొనిరి. ఈ గోడను పాఠకురాండ్రు గుర్తుంచుకొనవలెను.

1947లో తెల్లవారు వెడలిపోయిరి. ఊరి నడిబొడ్డున ఇంత భవనము యజమానుడు లేని యిల్లై నిలిచెను. ఇట్టి వానికి మామూలుగా రెండే గతులు. గబ్బిలములు కాపురముండుటయో, కచేరీగా మాఱి కాగితపు కట్టలతో నిండుటయో. దీనికి మూడవగతి పట్టెను. 1924లో స్థాపింపబడి సరియైన చోటు లేక యుండిన ఉస్మానియా విశ్వవిద్యాలయపు స్త్రీల కళాశాల 1949లో ఇందులోనికి వచ్చెను. ఒక్క స్త్రీ ముందువైపు చూచుటకు వీలులేక బొమ్మ కట్టించిన యింటిలోనికి, నూటనలువదేండ్ల పిమ్మట వందల కొలది ఆడుపిల్లలు ముందరి మెట్లెక్కియే పోయిరి.

మా మేనత్తగారు 1967లో చేరిరి. మా తాతగారు ఆడుపిల్లను పట్టణమునకు పంపుటకు మొదట ససేమిరా యనిరట. తరువాత స్వయముగా వచ్చి భవనము లోపల చూడనే లేదట. ప్రహరీగోడ వెంట ఒక చుట్టు తిరిగి, ద్వారమువద్ద కాపలావానితో మాటలాడి, "గోడ బాగున్నది" అని ఫీజు కట్టిరట! జనమునకు వెఱచి దొరలు కట్టించుకొన్న గోడ, తండ్రుల కంటికి బిడ్డల కంచెగా కనబడెను. ఆ గోడయే లేకున్న తమ చదువు అంతటితో ముగిసెడిదని మేనత్తగారు చెప్పిరి. ఇట్లు ఎందఱికి దారి దొరకెనో!

అయినను కళాశాలలకు పుస్తకములకే డబ్బు చాలదు. రెండువందల యేండ్ల మిద్దెల కెక్కడిది? కప్పునుండి నీరు దిగెను. గోడల పగుళ్లలో రావిమొక్కలు లేచెను. చెక్కకు చెద పట్టెను. మా మేనత్తగారి నాడే వానకాలమున బల్లలు ఇటునటు జరుపుకొని కూర్చుండెడివారట. తరువాత కొన్ని గదులు, పిమ్మట మఱికొన్ని గదులు మూయవలసి వచ్చెను. పాఠములు ఆవరణములోని యితర కట్టడములకు జరిగెను. 2002లో న్యూయార్కులోని వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ అను సంస్థ అపాయమున నున్న స్మారకముల పట్టికలో దీనిని చేర్చెను. ఆ సంస్థ పూనికతో పని చాలయేండ్లు సాగి, మరమ్మతైన భవనము 2023 మొదట ప్రారంభోత్సవము జరుపుకొనెను.

మరమ్మతును గూర్చి గృహిణులకు పనికివచ్చు మాట యొకటి. పాత సున్నపు గోడకు సిమెంటు పూయరాదు. సున్నము తడిని పీల్చుకొని మరల గాలికి విడిచిపెట్టును. సిమెంటు పైపూత తడిని లోపలనే బంధించును. అందుచే పైకి గట్టిగా నున్న గోడ లోలోపల మట్టియగును. అందుకే ఇచటను సున్నపు గారతోనే పని చేసిరి. మన పెద్దలు గానుగసున్నములో బెల్లపునీరు, కరక్కాయరసము కలిపించినది ఊరకనే కాదు. పాతయిల్లున్నవారు మేస్త్రీని పిలుచుటకు ముందు దీనిని జ్ఞప్తి యుంచుకొనిన మేలు.

2022లో ఈ కళాశాల మహిళా విశ్వవిద్యాలయమయ్యెను. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టిరి. పాలకుర్తిలో తాను కౌలుకు సాగుచేసిన పంటకై దేశముఖునెదిరించిన రజకస్త్రీ పేరు కంపెనీవారి కోఠీకి వచ్చుట చూచి మాకు సంతోషమైనది.

మెట్లమీద కూర్చుండి మాలో మేము వాదించుకొంటిమి. ఇంత శ్రమపడి నిలువబెట్టిన దానిని మరల బల్లలీడ్చి పాడుచేయనేల, టికెట్టు పెట్టి చూపిన చాలదా యని మేమంటిమి. మా మేనత్తగారికి కోపము వచ్చెను. "పాడైనను ఏబదియేండ్లకు పైగా దీనిని పడిపోకుండ కాచినదెవరు? మేము లేకున్న ఈ స్థలములో నేటికి అంగళ్లు లేచియుండెడివి. చూడవచ్చువారు గంటసేపుండి పోవుదురు. చదువుకొన్నవారు ముదుసలులై మరల వత్తురు" అనిరి. మేము తుది కొప్పుకొంటిమి. దర్బారుహాలును పదిలముగా నుంచవలసినదే. కాని ప్రక్కగదులలో ఒక్కటియైనను ఆడుపిల్లలు నిత్యము కూర్చుండి చదువుకొను గ్రంథాలయముగా నుండవలె ననుట మా కోరిక. ఈ వాడకది కొత్తయు కాదు. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము పుట్టినది ఈ రెసిడెన్సీబజారులోనే గదా!

వెనుకవైపు బేగము తోటలోనికి పోతిమి. శిథిలమైయుండిన బొమ్మయింటినిగూడ బాగుచేసిరి. మా చెల్లెలి కుమార్తె దానిచుట్టు రెండు ప్రదక్షిణములు చేసినది. మేనత్తగారు కండ్లద్దములు సవరించుకొని వంగి, వ్రేలితో కిటికీలు లెక్కపెట్టుచు, "ఇదిగో, చరిత్రపాఠమునకు నేనీ కిటికీవద్ద కూర్చుండెడిదానను. వాన వచ్చిన నాడు మాత్రము దీనికడకు" అని ప్రక్కకిటికీని చూపిరి. ఆ పిల్ల యా చిన్నకిటికీలోనికి కన్ను పెట్టి, "లోపల చీకటిగా నున్నది అమ్మమ్మా" యనినది. "అందుకే నిన్ను పెద్దదానికి తెచ్చితిని" అని వారు దాని చేయి పట్టుకొని మరల ముందరి మెట్లవైపు నడచిరి.