కబురు కాగితం

మా వైపు మిరప కోతలు, సంవత్సర పరీక్షలు ఒక్కసారే వస్తాయి. మరిపెడ చుట్టుపక్కల బడిలో పనిచేసినవాళ్లకు ఈ ఒక్క మాట చెబితే చాలు, మిగతాది వాళ్లే చెప్పుకుంటారు. ఫిబ్రవరి నుంచే తోటలు ఎర్రబడతాయి. తండాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు తట్టాబుట్టా సర్దుకుని ఖమ్మం వైపు కాయ ఏరడానికి బయల్దేరతాయి. ఇంటి దగ్గర ముసలమ్మ ఉంటే పిల్లలను ఆమెకు అప్పజెప్పి పోతారు. లేదంటే పిల్లలూ వెంటే. మార్చి సగమై ఒంటిపూట బడులు మొదలయ్యే సరికి మా హాజరు పట్టీలో కొన్ని పేర్ల ముందు వారాల తరబడి ఒక్క టిక్కు కూడా ఉండేది కాదు.

నేను 1994లో ఆ బడిలో చేరాను. మరిపెడ బంగ్లా నుంచి నడిచి పోయేంత దూరంలో, చర్చి ఆవరణలోనే, ఒకటి నుంచి అయిదు దాకా ఉన్న క్రైస్తవ ప్రాథమిక పాఠశాల. రెండు పెంకుటి గదులు, ఒక రేకుల వసారా, వేపచెట్టు, చేతిపంపు. పిల్లల్లో క్రైస్తవులు సగం మంది కూడా ఉండరు. లంబాడీ తండాల వాళ్లు, గొల్లలు, గౌడ్లు, మాదిగవాడ పిల్లలు, నలుగురైదుగురు ముస్లిం పిల్లలు. పొద్దున ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకునేవాళ్లు. శివరాత్రికి కురవి వీరభద్రస్వామి జాతరకు పోయొచ్చి, మరునాడు ఆ ప్రసాదం తెచ్చి మాకు పెట్టేవాళ్లు. ఎవరికీ అందులో ఇబ్బంది కనిపించలేదు.

ఇలాంటి బడులు మా నేల మీదికి ఎట్లా వచ్చాయో నాకు ఇంట్లోనే తెలుసు. మా నాన్న డోర్నకల్ డయాసిస్ కింద ఒక పల్లెలో ఉపదేశకుడు, ఆ పల్లెకు బడిపంతులూ ఆయనే. ఆదివారం వాక్యం చెప్పేది, సోమవారం పలకల మీద అ ఆలు దిద్దించేది ఒకే మనిషి. రాత్రిళ్లు లాంతరు ముందు పెట్టుకుని పెద్దవాళ్లకు సంతకం నేర్పేవాడు. డోర్నకల్ బిషప్ అజరయ్య గారి పేరు మా ఇంట్లో తాతల పేర్లతో పాటు వినపడేది. ఆయన తమిళనాడులోని తిరునల్వేలి వైపు నుంచి వచ్చి, తెలుగు నేర్చుకుని, ఇక్కడి పల్లెల్లో తిరిగిన మనిషి. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆయనకు బిషప్ అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో ఆ స్థానానికి వచ్చిన మొట్టమొదటి భారతీయుడు ఆయనే. 1939లో ప్రతిష్ఠ చేసిన డోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్‌ను చూస్తే ఆయన మనసు తెలుస్తుంది. గుడి పోకడ, మసీదు పోకడ, శిలువ మూడూ ఒకే కట్టడంలో కలిసిపోయి ఉంటాయి. ఏటా అయిదో తరగతి పిల్లలను బస్సులో తీసుకుపోయి అది చూపించేవాళ్లం. మెడలు వెనక్కి వంచి పైకప్పు చూస్తూ ఒకరి మీద ఒకరు పడేవాళ్లు.

ఇక కబురు కాగితం సంగతి. ప్రతి టర్ము చివర మా బడి నుంచి ఒక కాగితం వెలువడేది. దసరా సెలవులకు ముందు ఒకటి, క్రిస్మస్‌కు ఒకటి, ఏప్రిల్‌లో బడి మూసేటప్పుడు ఒకటి. ప్రతి ఇంటికీ ఒక ప్రతి అందేది. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారు సంఘంలో చదివి వినిపించేవారు. రాసే పని పెద్దసారు నాకు అప్పజెప్పారు. స్టెన్సిల్ మీద ఇనుప కలంతో గీసి, చర్చి ఆఫీసులోని సైక్లోస్టైల్ మిషన్ మీద తిప్పేవాళ్లం. అక్షరం గట్టిగా నొక్కితే స్టెన్సిల్ చిరుగుతుంది, మెల్లగా గీస్తే సిరా దిగదు. ‘క్ష’ దగ్గర, ‘జ్ఞ’ దగ్గర ఊపిరి బిగబట్టి రాసేదాన్ని. రెండు రోజులు చేతికి సిరా వాసన వదిలేది కాదు.

పెద్దసారు పెట్టిన నియమం ఒకటే. ‘మార్కులు వెనక పేజీల, మనుషులు ముందు పేజీల.’ అందుకే ముందు పేజీలో ఇట్లాంటివి ఉండేవి: రెండో తరగతి పిల్లవాడి ఇంట్లో బోరు వేస్తే నీళ్లు పడ్డాయి. ఆయమ్మ కూతురికి తొర్రూరు సంబంధం కుదిరింది. తండా నుంచి కొత్తగా చేరిన ఇద్దరు పిల్లలు మొదటిసారి తెలుగులో కథ చెప్పారు. చేతిపంపుకు వాషర్ మార్చాం. ఫలానా పిల్ల నాన్న చనిపోయాడు, ఆ ఇంటి కోసం ప్రార్థించండి, చేతనైనవాళ్లు బియ్యం పంపండి. బియ్యం వచ్చేవి. తండా నుంచీ వచ్చేవి, సాయిబుల ఇళ్ల నుంచీ వచ్చేవి.

బడి అంటే నాలుగు ఊళ్లు, పది తండాలు ఒకరి మంచిచెడ్డలు ఒకరు తెలుసుకునే చోటు అని నేను ఆ కాగితం రాస్తూ రాస్తూ నమ్మాను. ఇప్పటికీ అదే నమ్ముతున్నాను.

ఒక ఏప్రిల్‌లో నాలుగో తరగతి పిల్లలు ఏడుగురు పరీక్షకు రాలేదు. ఖమ్మం దారిలో ఒక ఊరి దగ్గర తోటల్లో ఉన్నారని తెలిసింది. పెద్దసారు లూనా వెనక నన్ను ఎక్కించుకుని, ప్రశ్నపత్రాలు గుడ్డసంచిలో పెట్టుకుని బయల్దేరారు. మేం చేరేటప్పటికి ఎండ నడినెత్తికి వచ్చింది. కల్లం నిండా మిరపకాయలు పరిచి ఉన్నాయి, నేల కనిపించదు. గాలి ఇటు తిరిగిందంటే తుమ్ములు. పిల్లలు మమ్మల్ని చూసి మొక్కల వెనక దాక్కున్నారు, కొట్టడానికి వచ్చామనుకుని. ఆ తోట రైతు పెద్దమనిషి. పెద్దసారు మాట్లాడితే, ‘రాయనీయి సారూ, రెండు గంటలల్ల తోట యాడికి పోతది’ అని చింతచెట్టు కింద గోనెసంచులు పరిపించాడు.

పెన్సిళ్లు ఇచ్చాం. ఒక పిల్ల పట్టుకోవడం లేదు. ‘రాయి బిడ్డా’ అంటే చెయ్యి చూపించింది. వేళ్ల కొసలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ‘మండుతున్నయి టీచరమ్మా.’ కాయ తెంపీ తెంపీ ఆ ఘాటు చర్మంలోకి దిగింది. కన్ను దురద పెట్టినా రుద్దుకోకూడదని ఆ పిల్లకు తెలుసు, భుజంతో తుడుచుకుంటోంది. రైతు భార్య ఇంటి నుంచి చల్ల తెచ్చింది. ఏడుగురి చేతులూ ఒక్కొక్కరివి చల్లలో ముంచి, కొంగుతో తుడిచి, కొబ్బరినూనె రాశాం. ఆ తర్వాత రాశారు. జవాబు కాగితాల మీద నూనె మరకలు, ఎర్రటి వేలిముద్రలు. తెలుగు పరీక్షలో ‘మీ ఊరి గురించి అయిదు వాక్యాలు’ అని అడిగాం. ఆ పిల్ల తండా గురించి కాకుండా ఆ తోట గురించి రాసింది. ఎన్ని సాళ్లు ఉన్నాయో, సాలుకు ఎన్ని కాయలు తెంపుతారో, సంచి నిండితే ఎంత ఇస్తారో. అయిదు అడిగితే తొమ్మిది వాక్యాలు. ఆ కాగితం నేను దాచుకున్నాను, ఇంకా ఉంది.

బడి మూసే రోజు పండగే. తల్లిదండ్రులు వచ్చి వసారాలో చాపల మీద కూర్చునేవాళ్లు. వెనక పొయ్యి మీద బగారన్నం, కోడిగుడ్డు కూర ఉడుకుతూ ఉండేవి. ప్రోగ్రెస్ కార్డులు మేం చదివేవాళ్లం కాదు, ఎవరి కార్డు వాళ్లే నిలబడి చదవాలి. తోటలో పరీక్ష రాసిన ఆ పిల్ల ఆ ఏడు వాళ్ల అవ్వ ముందు నిలబడింది. ఒక వరుస తెలుగులో చదివి, వెంటనే లంబాడీలో చెప్పింది. అవ్వ చేతులకు మోచేతి దాకా గాజులు, రవికకు అద్దాలు. ఏమీ మాట్లాడకుండా వింటుంది. లెక్కలు, తెలుగు, పరిసరాలు అన్నీ అయ్యాక నా వైపు తిరిగి అడిగింది: ‘దీనెంబడి కాయ ఏరిన పిల్లలు పాసైన్రా?’ అయ్యారని చెప్పాను. అందరూనా అని మళ్లీ అడిగింది. అందరూ అన్నాక వేలు చాపింది, ముద్ర వేయడానికి. మనవరాలు ఆ వేలు పట్టుకుని సిరా దిండు మీద నొక్కి, కార్డు మీద పెట్టింది.

క్రిస్మస్ కాగితం రాయడం తేలిక. డిసెంబర్‌లో నాటకం గురించి రాస్తే పేజీ నిండిపోతుంది. గొర్రెల కాపరులుగా గొల్లల పిల్లలే వేసేవాళ్లు, నాన్నల గొంగళ్లు కప్పుకుని, నాన్నల కర్రలే పట్టుకుని. ఒక ఏడు ఒకతను నిజం గొర్రెపిల్లనే భుజాన వేసుకుని తెచ్చాడు. దేవదూత పాట మధ్యలో అది అరుస్తూనే ఉంది, ఎవరూ బయటికి పంపమనలేదు. మరియమ్మ వేషం ఒకసారి ముస్లిం పిల్ల వేసింది. వాళ్లమ్మ ముందు వరుసలో కూర్చుని చూసింది.

తర్వాతి కాలం గబగబా గడిచింది. సైక్లోస్టైల్ పోయి జిరాక్స్ వచ్చింది, అదీ పోయి ఫోన్లు వచ్చాయి. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది, 2016 అక్టోబర్ 11న మహబూబాబాద్ జిల్లా అయ్యింది. రెండుసార్లూ బడి రబ్బరు ముద్ర మార్చాం. వరంగల్ జిల్లా అని ఉన్న పాత ముద్ర నా బీరువాలోనే ఉంది, పారేయబుద్ధి కాలేదు.

2020 మార్చిలో కరోనాతో బడులు మూతపడ్డప్పుడు ఆ ఏటి ఏప్రిల్ కాగితం వెలువడలేదు. పరీక్షలు లేకుండానే పిల్లలను పై తరగతికి పంపమన్నారు. ఫీజులు ఆగాయి, జీతాలూ ఆగాయి. మా టీచర్లలో ఒకామె కూలికి పోయింది, ఇంకొకాయన కూరగాయల బండి పెట్టాడు. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం ప్రైవేటు బడుల టీచర్లకు నెలకు 2000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. అది అందేలోపు మా వాళ్లను నిలబెట్టింది పిల్లల ఇళ్లే. ఎవరో గడప ముందు కందుల మూట పెట్టి పోయేవాళ్లు. ఎవరు పెట్టారో కనుక్కోవాలని కూడా ఎవరూ అనుకోలేదు.

ఆకేరు వాగు వరద నాటికి నేను రిటైరయ్యాను, కాగితం రాసే పని మాత్రం వదల్లేదు. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం. రాత్రంతా వాన. తెల్లారేసరికి ఆకేరు గట్టు దాటింది. పురుషోత్తమాయగూడెం దగ్గర బ్రిడ్జి దెబ్బతిని ఖమ్మం దారి తెగిపోయింది. సీతారాం తండాలో నీళ్లు ఇళ్లల్లోకి వస్తే జనం మేడలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ రోజు మాకు ఆరాధన జరగలేదు. నీళ్లు తీశాక వెళితే తండాలో గోడల మీద మనిషెత్తున బురద గీత. మంచాల మీద, దండేల మీద పిల్లల పుస్తకాలు ఆరేసి ఉన్నాయి, పేజీలన్నీ ఒకదానికొకటి అతుక్కుని.

దసరా ముందు వెలువడిన కాగితంలో ఈ వార్త ఒక్కటే రాశాను. ఏయే తరగతి పిల్లలకు ఏం కావాలో కింద వరుసగా ఇచ్చాను. పాత విద్యార్థులు హైదరాబాద్ నుంచి కొంత పంపారు. మిగతాది కోత పండుగలో వచ్చింది.

మా సంఘాల్లో కోత పండుగ అంటే పంటలో తొలిభాగం తెచ్చి దేవుని ముందు పెట్టడం, ఆరాధన అయ్యాక వాటిని వేలం వేయడం. ఆ ఏడు వడ్లు, కందులు, ఎండుమిర్చి, నాటుకోళ్లు, ఒక పెద్ద గుమ్మడికాయ వచ్చాయి. వేలం డబ్బు తండా పిల్లలకని అయ్యగారు ముందే చెప్పారు. గుమ్మడికాయను ఒక ఆర్టీసీ కండక్టరు నూటయాభైకి పాడుకుని, డబ్బు కట్టి, మళ్లీ బల్ల మీదే పెట్టేశాడు. మళ్లీ వేలం. ఇంకొకరు పాడుకున్నారు, వాళ్లూ బల్ల మీదే పెట్టారు. అట్లా ఎన్ని చేతులు మారిందో! చివరికి వెనక నిలబడ్డ ఒకతను మూడు వందలని పాడాడు. వరదలో ఇల్లు మునిగిన మనిషి. సంఘ పెద్ద ఒకాయన వెళ్లి, ‘పైసలు మీకోసమే కదనే, నువ్వెందుకు కడుతవ్’ అన్నాడు. ‘కాయ నాకు గావాలె. ఉత్తగ తీస్కపోను’ అని లెక్కపెట్టి మూడు వందలు బల్ల మీద ఉంచి, కాయ భుజానికెత్తుకున్నాడు.

ఆ డబ్బుతో నోటు పుస్తకాలు, సంచులు కొన్నాం. మిగిలినదానితో తండా పిల్లలకు ఏప్రిల్ దాకా ఆటో కిరాయి కట్టాం. సంవత్సర పరీక్షలకు అందరూ వచ్చారు. వాళ్లలో ముగ్గురు అయిదో తరగతి ముగించి, జూన్‌లో హైస్కూల్లో చేరారు.