నంబరు చెబితే... కారు జాతకం!

బ్రిటన్‌లో ఏ ఊరికెళ్లినా ఏదో ఒక వీధి మలుపులో నీలం బోర్డు కనిపిస్తుంది. దానిమీద తెల్లటి త్రికోణాలు మూడు. లండన్‌లోనైతే ఇలాంటి గ్యారేజీలు కొన్ని రైలు వంతెనల కింది ఇటుక కమానుల్లో ఉంటాయి. పైన రైలు దడదడలాడుతూ పోతుంటుంది, కింద లిఫ్టు మీద కారు పైకి లేస్తుంటుంది. ఓ పక్కన దాని యజమాని, పరీక్ష రాస్తున్న పిల్లాడి తండ్రిలా కళ్లార్పకుండా చూస్తుంటాడు. చూసే హక్కు అతనికుంది. అలా చూడటానికి కాస్త చోటు ఇవ్వడం ప్రతి గ్యారేజీకీ తప్పనిసరి.

ఆ పరీక్ష పేరు ఎంవోటీ. మినిస్ట్రీ ఆఫ్ ట్రాన్స్‌పోర్ట్‌కి పొట్టిపేరు. ఇప్పుడు ఆ పేరుతో మంత్రిత్వశాఖ లేదు, పరీక్షకు మాత్రం అదే మిగిలిపోయింది. 1960లో మొదలుపెట్టినప్పుడు పదేళ్లు దాటిన బళ్లకే... బ్రేకులు, లైట్లు, స్టీరింగు చూసి పంపేసేవారు. మరుసటి ఏడు దాన్ని ఏడేళ్లకు, 1967లో మూడేళ్లకు తగ్గించారు. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లలో మూడేళ్లు నిండిన కారు ఇక ఏటా ఈ గడప తొక్కాల్సిందే. నలభై ఏళ్లు దాటిన ముసలి కార్లకే మినహాయింపు. ఉత్తర ఐర్లండ్ లెక్క వేరు... అక్కడ నాలుగేళ్లు, పరీక్ష కూడా ప్రభుత్వ కేంద్రాల్లోనే.

ఇందులో వింతేముంది, మన బ్రేక్ ఇన్‌స్పెక్టర్లు చేసేదీ ఇదేగా అనిపించొచ్చు. తేడా అంతా ఆ తర్వాత ఉంది. పరీక్షలో ఏం తేలిందో 2005 నుంచి కంప్యూటర్లోకి ఎక్కిస్తూ వచ్చారు. ఆ చిట్టా ఇప్పుడు ప్రభుత్వ వెబ్‌సైట్లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. కారు మనదే కానక్కర్లేదు. నంబరు తెలిస్తే చాలు!

గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వెళ్లి రెడింగ్‌లోనో మిల్టన్ కీన్స్‌లోనో కాపురం పెట్టిన కొత్త జంటకి దీని విలువ బాగా తెలుస్తుంది. పిల్లాణ్ని బళ్లో దింపాలి. రాత్రి షిఫ్టుకి ఆసుపత్రికెళ్లాలి. చేతిలో ఉన్నది రెండు వేల పౌండ్లు. మన దగ్గరైతే తెలిసిన మెకానిక్‌ని వెంటబెట్టుకుని వెళ్తాం. అక్కడ ఎవరున్నారు? పైగా పదిహేనేళ్ల కారైనా పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది. పాలిష్ పెట్టడానికి ఎంతసేపు!

ఎస్ అంటే స్కాట్లండ్

నంబరు ప్లేటే మొదటి పాఠం. ఒకప్పుడు ఏపీ 16 అనగానే బెజవాడ బండి అని చెప్పేసేవాళ్లం కదా. అక్కడా అంతే. 2001 సెప్టెంబరు తర్వాతి ప్లేట్లలో మొదటి అక్షరం ఆ కారు ఎక్కడ రిజిస్టరయిందో చెబుతుంది. ఎల్ అంటే లండన్, ఎస్ అంటే స్కాట్లండ్, సీ అంటే వేల్స్. తర్వాతి రెండంకెలు వయసు. 08 అని ఉంటే 2008 మార్చి నుంచి ఆగస్టు లోపు వచ్చిన కారు. 58 అని ఉంటే ఆ సెప్టెంబరు నుంచి మర్నాటి ఫిబ్రవరి వరకు. ఏభై కలపడమెందుకో అని తల గోక్కున్నవారు చాలామందే ఉంటారు.

పుట్టిన ఊరు తెలిసింది. మరి పెరిగిన ఊరు? పాత కారు విషయంలో అసలు అడగాల్సింది అదే. కారణం ఉప్పు.

చెషైర్‌లోని విన్స్‌ఫర్డ్ పట్టణం కింద, 150 మీటర్లకు పైగా లోతులో ఉప్పుగని ఉంది. 1844 నుంచి ఉన్న గని. అక్కడ తవ్వే గోధుమరంగు రాతి ఉప్పు శీతాకాలం రాత్రుళ్లు లారీలకెక్కి దేశం మీద పడుతుంది. ఉష్ణోగ్రత సున్నాకి దగ్గరవుతోందంటే చాలు, రోడ్ల మీద గడ్డకట్టకుండా చల్లుతారు. ప్రాణాలు కాపాడే ఉప్పే అది. కానీ కరిగి, చక్రాల కింద చిమ్మి, కారు అడుగుభాగంలో సందుసందుల్లో చేరి ఇనుమును తినేస్తుంది. సముద్రం ఒడ్డున పెరిగిన కారుకైతే ఉప్పుగాలి అదనం.

అందుకే ఎంవోటీ పరీక్షలో టెస్టరు కారు కిందికెళ్లి, తుప్పు అనుమానమున్నచోట నొక్కి, తట్టి చూస్తాడు. సీటుబెల్టు బిగించేచోటో, సస్పెన్షన్ తగిలించేచోటో 30 సెంటీమీటర్ల లోపు లోహం చివికి బలం పోయిందంటే ఫెయిల్.

ఏ ఊళ్లో పరీక్ష జరిగిందో మాత్రం నంబరు కొట్టినంత మాత్రాన చెప్పరు. లాగ్‌బుక్ మీదున్న పదకొండంకెల సంఖ్య కావాలి. అమ్మేవాడు దాన్ని చూపించడానికి నసుగుతున్నాడంటే... ఆ బేరం అక్కడితో వదిలేయడమే మేలు.

ఫెయిలైందా? మంచిదే!

చిట్టా తెరవగానే కొత్తవాళ్లు ఎర్రగా కనిపించే ‘ఫెయిల్’ చూసి బెదిరిపోతారు. నిజానికి భయపడాల్సింది దానికి కాదు. బ్రేకులరిగి ఫెయిలై, రెండ్రోజుల్లో బాగుచేయించుకుని పాసైన కారంటే యజమాని ఖర్చుపెట్టాడని అర్థం. చదవాల్సింది ‘సలహా’ల వరస. పాస్ చేస్తూనే, ఇది కాస్త చూసుకో అని టెస్టరు రాసే మాటలవి. 2018 మే నుంచి లోపాలను ప్రమాదకరం, పెద్దది, చిన్నది అని విడదీస్తున్నారు, సలహాలు వాటికి అదనం.

‘నియర్‌సైడ్ ముందు టైరు హద్దుకు దగ్గరగా అరిగింది’ అని ఉందనుకోండి. నియర్‌సైడ్ అంటే ఫుట్‌పాత్ వైపు, మనలాగే ఎడమ. హద్దు 1.6 మిల్లీమీటర్లు. ఏటా అదే పక్క టైరు అరుగుతోందంటే తప్పు టైరుది కాకపోవచ్చు. ఒక ఏడాది ‘పైపైన తుప్పు’, మరుసటేడు ‘తుప్పు ఎక్కువైంది’, ఆ తర్వాత మౌనం... ఆ మౌనం వెనక వెల్డింగ్ ఉందా, నల్లరంగు పూత ఉందా? అడగాలి. ‘ప్లాస్టిక్ మూతల వల్ల కింది భాగాలు కొన్ని కనిపించలేదు’ అనే వాక్యాన్నీ తేలిగ్గా తీసుకోకూడదు. మూతలు విప్పి చూడటం టెస్టరు పని కాదు.

మీటరు రీడింగు కూడా ఏటా పడుతుంది. 2016లో 61 వేల మైళ్లు, 2017లో 69 వేలు, 2018లో 52 వేలు! కారు వెనక్కి నడిచిందా? మీటరు తిప్పేశారు. ఒక్కోసారి టైపు చేయడంలో అంకె తారుమారవుతుంది కూడా, తర్వాతి ఏడాది రీడింగుతో పోలిస్తే ఏది నిజమో తేలిపోతుంది.

మన వాహన్ పోర్టల్లో బండి నంబరు కొడితే ఎఫ్‌సీ, బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్ ఎప్పటిదాకా ఉన్నాయో తెలుస్తుంది. ఇన్‌స్పెక్టరు ఏం చూశాడో, ఏం వంక పెట్టాడో కనపడదు. సొంత కారుకైతే పదిహేనేళ్లు నిండి రిజిస్ట్రేషన్ పొడిగించుకునేదాకా ఆ పరీక్షే ఎదురుకాదు. ఆ పదిహేనేళ్ల కథంతా అమ్మేవాడి నోట వినాల్సిందే.

అలాగని ఎంవోటీయే సర్వస్వం కాదు. కారు పరీక్షకు 54.85 పౌండ్లకు మించి తీసుకోకూడదు. ఆ డబ్బుకి ఇంజిన్, క్లచ్, గేర్‌బాక్సు లోపలి సంగతులు చూడరు. పాసైన మర్నాడే క్లచ్ పోవచ్చు. కారు మీద తీరని అప్పుందా అన్నదీ ఈ చిట్టాలో ఉండదు, దానికి డబ్బు కట్టి వేరే తనిఖీ చేయించుకోవాలి. లాగ్‌బుక్‌లో పేరున్నవాడే యజమాని అన్న భరోసా కూడా లేదు, ఆ సంగతి దానిమీదే రాసి ఉంటుంది.

అందుకే అక్కడ కాస్త తలపండిన మనవాళ్లు కొత్తగా వచ్చినవారికి ఒకటే చెబుతారు. చిట్టా మొత్తం ప్రింటు తీసి చేత్తో పట్టుకెళ్లాలి. పగటి వెలుతురులో, వాన లేనప్పుడు వెళ్లాలి. ఇంజిన్ ముందే వేడెక్కించి ఉంచొద్దని అమ్మేవాడికి ఫోన్లోనే చెప్పాలి. వెళ్లగానే బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూడాలి. చల్లగా ఉంటేనే తాళం అడగాలి.