మంచుమీద అష్టపాది

పిల్లలూ! గెలిచిన ఆటగాళ్లమీద పూలు చల్లటం మీరు చూసే ఉంటారు. చచ్చిన అష్టపాదిని విసరటం ఎప్పుడైనా విన్నారా?

మా చిన్నబ్బాయి అమెరికాలో, డెట్రాయిట్ నగరంలో ఉంటాడు. అతను మా మనుమరాలికి ఒక ఎర్రచొక్కా పంపాడు. దానిమీద రెక్కలు మొలిచిన బండిచక్రం బొమ్మ ఉన్నది. "తాతయ్యా, చక్రానికి రెక్కలేమిటి?" అన్నది పిల్ల.

అది అక్కడి ఐస్ హాకీ జట్టు గుర్తు. 1926లో పుట్టిన ఆ జట్టు రెండు పేర్లు మార్చుకుని, 1932లో రెడ్ వింగ్స్, అంటే 'ఎర్ర రెక్కలు', అయింది. మోటారు కార్లు తయారయే ఊరికి అంతకన్న తగిన గుర్తు ఏముంటుంది?

మంచు పేర్చిన నేలమీద, అడుగున ఇనుపపట్టీలున్న జోళ్లతో జారుతూ, రబ్బరు బిళ్లను కర్రలతో కొట్టే ఆట ఇది. ఆ రోజులలో స్టాన్లీ కప్పు రావాలంటే రెండు జట్లను నాలుగేసి సార్లు ఓడించాలి. అంటే ఎనిమిది గెలుపులు. 1952 ఏప్రిల్ 15న పీట్, జెర్రీ కుసిమానో అనే అన్నదమ్ములు, చేపల వ్యాపారులు, ఒక అష్టపాదిని తెచ్చి మంచుమీదికి విసిరారు. ఎనిమిది చేతులు, ఎనిమిది గెలుపులు! ఆ ఏడు జట్టు ఒక్కటీ ఓడకుండా ఎనిమిదీ గెలిచింది. నిజానికి ఘనత గోలు కాసిన టెర్రీ సావ్‌చుక్‌ది. ఎనిమిదింటిలో నాలుగు ఆటలలో అతను ఒక్క గోలైనా పడనివ్వలేదు. పేరు మాత్రం అష్టపాదికి దక్కింది!

ఇప్పుడు కప్పుకు పదహారు గెలుపులు కావాలి. లెక్క ప్రకారం రెండు అష్టపాదులు కావాలి గదా! అయినా అభిమానులు ఆచారం మానలేదు. మంచుకు అంటుకోకుండా దాన్ని ముందే ఉడకబెట్టి, చొక్కాలో దాచి తెచ్చేవాళ్లు కూడా ఉన్నారట.

ఇదంతా విని మా మనుమరాలు విరగబడి నవ్వింది. ఉన్నట్టుండి, "తాతయ్యా, దానికి హాకీ తెలుసా?" అని అడిగింది.

నాకు జవాబు తోచలేదు. అష్టపాదికి మూడు గుండెలు, నీలపు రక్తం. బిగించిన సీసామూత తిప్పి తీసేటంత తెలివి. ఇవన్నీ నేనే ఆ పిల్లకు చెప్పాను. నేను మాత్రం తక్కువ తిన్నానా? ఆ వయసులో తూనీగల తోకలకు దారాలు కట్టి ఎగరేసినవాణ్ణే.

"పోనీ, గుడ్డతో చేసి విసరచ్చుగా?" అన్నది.

నిన్నటినుంచి ఇంట్లో పాతచీర ఒక్కటీ మిగలటం లేదు. ఎనిమిది చేతులూ నన్నే కుట్టమంటున్నది. ఇప్పటికి మూడు అయినాయి.